ముందస్తు ధన్యవాదాల కురుమూర్తి

కురుమూర్తికి ఉన్న జబ్బు ఒకటే, ధన్యవాదాలు చెప్పడం. బీపీ, షుగర్ లాంటివి ఆయన జోలికి రాలేదు. వచ్చి ఉంటే "ఇంత దూరం శ్రమపడి వచ్చినందుకు" అని వాటికి కూడా రెండు ముక్కలు చెప్పి సాగనంపేవాడు.

గద్వాలలో సేవామిత్ర క్లబ్బు ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి శ్రవణ్ కుమార్ విత్తనాల దుకాణం మీది హాల్లో సమావేశమవుతుంది. ప్రార్థన, పోయిన వారం సంగతులు, వచ్చే వారం పనులు, చివర వందన సమర్పణ. ఆ చివరిది కురుమూర్తి సొంతం. ముందు మూడూ కలిసి ముప్పావు గంటలో అయిపోతే ఆయన ఒక్కడికే గంట పట్టేది. కింద బండి మీద వేయించిన మిరపకాయ బజ్జీలు సరిగ్గా ఆయన మైకు పట్టుకునే వేళకు పొగలు కక్కుతూ పైకి వచ్చేవి. అధ్యక్షుల వారితో మొదలుపెట్టి, కుర్చీలు వేసిన వారు, ఆ కుర్చీల్లో వేలు నలిగినా పైకి చెప్పుకోని వారు, కరెంటు పోనివ్వని లైన్‌మన్ దాకా వచ్చేసరికి బజ్జీలు తడిసిన గుడ్డల్లా అయ్యేవి.

ధన్యవాదం అనేది చిత్రమైన మాట. మన ఇళ్లలో అన్నం పెట్టిన తల్లికి ఎవరూ ధన్యవాదాలు చెప్పరు. చెబితే ఆమె జ్వరమొచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. పాలమూరు వైపు ముసలివాళ్లకు ఏదైనా మేలు చేస్తే "సల్లగుండు బిడ్డా" అంటారు, అంతటితో సరి. మైకు లేనిచోట ఎవరి నోటా వినబడని ఆ మాటను కురుమూర్తి ఒక్కడే పెంపుడు మేకలా వెంట తిప్పుకునేవాడు.

ఒకసారి శ్రవణ్ కుమార్ ఆకలికి ఆగలేక చెప్పులు చేతిలో పట్టుకొని, వంగి వంగి మెట్ల వైపు జారుకోబోయాడు. "సభకు చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకొని వెళ్తున్న శ్రవణ్ కుమార్ గారికి ధన్యవాదాలు" అంది మైకు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

ఇదంతా భరించవచ్చు. అసలు పరేషాన్ వేరే ఉంది. జనం ఇంకా చేయని పనులకు కూడా కురుమూర్తి ధన్యవాదాలు చెప్పేసేవాడు. ఒక మార్చిలో "ఈ వేసవంతా పాత బస్టాండు దగ్గర చలివేంద్రం నడుపుతున్న శ్రవణ్ కుమార్ గారికి" అన్నాడు. శ్రవణ్ కుమార్‌కు చలివేంద్రం ఆలోచన కలలో కూడా లేదు. మర్నాడు మధ్యాహ్నం కురుమూర్తి ఇంటికి వచ్చి నిలదీశాడు.

"అన్నా, నేను ఎప్పుడన్న చలివేంద్రం పెడతనని?"

"అనలేదా? యాది ఉంటలేదు తమ్మీ, వయసైంది. ఏం ఫికర్ చెయ్యకు. వచ్చే గురువారం మైకుల సరిచేస్త, శ్రవణ్ కుమార్ గారు నీళ్లు పోస్తలేరని."

అప్పటికే ఆయన దుకాణానికి వచ్చిన ముగ్గురు రైతులు మంచి పని చేస్తున్నావు సేటూ అని మెచ్చుకొని వెళ్లి ఉన్నారు. పదిరోజుల్లో తాటాకు పందిరి లేచింది, ఆరు కుండలు దిగాయి. సూది చూస్తే కళ్లు తిరిగే క్లబ్బు సభ్యుడు ఉదయ్ కిరణ్ కూడా ఇలాగే "మూడోసారి రక్తదానం చేస్తున్న" వాడై, గత్యంతరం లేక మొదటిసారి రక్తమిచ్చాడు. పాపం పెద్దాయన, జరిగిందీ జరగాల్సిందీ కలిసిపోతున్నాయని క్లబ్బంతా జాలిపడింది.

పద్మజ జాలిపడే రకం కాదు. ఆమెకు రాజవీధిలో రక్తపరీక్షల ల్యాబు ఉంది. ఏ పరీక్షకు ఎన్ని నిమిషాలో ఆమె చెప్పిందే లెక్క. క్లబ్బు అధ్యక్షురాలైన మొదటి గురువారమే ల్యాబులోని టైమరు తెచ్చి బల్ల మీద పెట్టి, వందన సమర్పణకు రెండే నిమిషాలంది. రెండో నిమిషం పూర్తికాగానే అది కుయ్యిమని అరిచింది. "సమయపాలన నేర్పిన ఈ చిన్న యంత్రానికి, దానిలో బ్యాటరీ మార్చిన వారికి" అని కురుమూర్తి ఇంకో పావుగంట లాగాడు.

ఆ ఏడు పద్మజ మనసంతా రాజోలి కంటి శిబిరం మీదే ఉంది. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఊరికి కంటి దవాఖాన వాళ్లు రెండేళ్లుగా బస్సు పంపుతున్నారు. పరీక్షలకు జనం బాగానే వస్తారు. ఆపరేషన్‌కు బస్సెక్కమంటే మాయమవుతారు. మొదటి ఏడు ఐదుగురు ఎక్కారు, రెండో ఏడు ముగ్గురు. ఈసారి కూడా ఖాళీగా వస్తే ఇక రాజోలి పేరు కొట్టేస్తామని దవాఖాన వాళ్లు తెగేసి చెప్పారు. బస్సు నిండాలంటే ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదనుకుంది పద్మజ. నమోదు, పరీక్ష, భోజనం, బస్సు అని కార్యక్రమం అచ్చు వేయించింది. వందన సమర్పణ లేదు.

కురుమూర్తి ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, అక్షరాలు పెద్దగా వేయించినందుకు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ గురువారం ఆయన సమావేశానికి రాలేదు. రోజూ పొద్దున రాజోలి బస్సెక్కుతున్నాడని ఎవరో చూసి చెప్పారు. ముప్పై ఏళ్లు కండక్టరుగా ఆ దారిలోనే టికెట్లు కోసిన మనిషి, మనసు నొచ్చుకొని పాత సీట్లను చూసుకోవడానికి పోతున్నాడని శ్రవణ్ కుమార్ తేల్చాడు. సమావేశం నలభై నిమిషాల్లో ముగిసింది. బజ్జీలు నోరు కాలేంత వేడిగా ఉన్నాయి. తింటూ ఏం మాట్లాడుకోవాలో ఒక్కరికీ తోచలేదు.

ఆదివారం రాజోలి బడిలో శిబిరం గడియారంలా నడిచింది. అరవై మందిని చూసి, ముప్పై ఒక్కరికి పొర తీయాలన్నారు డాక్టర్లు. భోజనాలయ్యాయి. మూడింటికి బస్సు హారను కొట్టింది. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

పద్మజ కుర్చీల మధ్యకు వచ్చింది. పావుగంట పని, నొప్పి ఉండదు, కుట్లు ఉండవు, మూడోనాటికి ఇంట్లో దింపుతాం అని వరసకొక సారి చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు, కూర్చునే ఉన్నారు. డ్రైవరు గడియారం చూపించాడు.

ముందు వరసలో సత్తెమ్మ ఉంది. జీవితమంతా సీడ్ పత్తి చేలల్లో పనిచేసిన మనిషి. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలంటే చూపు సూదిలా ఉండాలి. రెండేళ్లుగా ఆమెకు పువ్వూ ఆకూ ఒకటిగానే కనబడుతున్నాయి, పనికి పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. పోయినేడు ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టింది కూడా. భర్త యోసేపు భయపడి కొంగు పట్టి వెనక్కి లాగాడు. పద్మజ ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమైందమ్మా, ఈసారి కూడ భయమైతుందా?"

"భయం పోయినేడు ఉండె బిడ్డా. గిప్పుడు లేదు."

"మరి లేస్తలేవేంది?"

"కండక్టరు సారు ఇంటికొచ్చి, నిన్ను ఏమని పిలవాల్నో చెప్పక్కా, మైకుల నీ పేరు చెప్త అన్నడు. కూలి కాయితంల సత్తి అని రాస్కుంటరు. సత్తెమ్మ గారు అని చెప్పమన్న. ఇంకా చెప్పలే. చెప్పకముందే ఎట్ల పోతం?"

పక్కనున్న ముప్పై తలలూ ఊగాయి.

కురుమూర్తి వంటల దగ్గర గిన్నెలు సర్దుతున్నాడు. పద్మజ ఉరికినంత పని చేసి మైకు ఆయన చేతిలో పెట్టింది.

"కార్యక్రమంల లేదు గద మేడం" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పన్నా. ఎంతసేపైనా సరే."

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఇంటింటికీ తిరిగి రాసుకున్న పేర్లలో డాక్టర్లు పొర తీయాలన్న వాటికి టిక్కులు పెట్టి ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు. "రాజోలిలో అందరికంటే ముందు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్న సత్తెమ్మ గారికి ధన్యవాదాలు."

సత్తెమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది. బడి గోడ మీద కూర్చున్న ఊరి జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆమె కొంగు సవరించుకొని లేచింది. "కూసుంటున్న, జర ఆగు" అని మైకును కసిరింది.

"భార్యను ఈసారి వెనక్కి లాగకుండా, చెయ్యిపట్టి బస్సెక్కించిన యోసేపు గారికి."

జనం గొల్లుమన్నారు. యోసేపు ఎర్రటి తువ్వాలు భుజాన వేసుకొని ముందుకొచ్చి, ఊరంతా చూస్తుండగా భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ తరువాత ఒక్కొక్కరే. పేరు వినబడటం, లేవడం, ఎక్కడం. ముప్పై ఒకటో పేరయ్యేసరికి నలభై ఒక్క నిమిషాలైంది. టైమరు మొదటి రెండు నిమిషాలకే అరవబోతే పద్మజ తన చేత్తోనే దాని నోరు నొక్కింది.

బస్సు కిక్కిరిసింది. చలివేంద్రం, మూడోసారి రక్తదానం, అన్నీ వరసగా పద్మజ కళ్ల ముందు నుంచి పోయాయి.

"అంటే నీకు మరుపు ఏం లేదన్నట్టు."

కురుమూర్తి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లు టికెట్ టికెట్ అని అడుగుడే అయింది మేడం. అడిగితే మనిషి కిటికీ దిక్కు సూస్తడు. లేదన్నోడు పాపం వారం దినాలు మనకు ఎదురురాడు. ఎందుకు వాండ్లను తిప్పలు పెట్టుడు? నేను అడుగుడు బంద్ చేసిన." తరువాత ఫుట్‌బోర్డు మీద నిలబడి, బస్సును రెండుసార్లు చరిచి, రైట్ రైట్ అన్నాడు.

మూడోనాడు సత్తెమ్మ కంటికి కట్టు విప్పారు. ఎదురుగా నిలబడిన కురుమూర్తిని కిందికీ మీదికీ చూసి, "మైకుల గొంతు ఇని పొడుగైనవనుకున్న సారూ, ఇంకా గింతేనా" అంది. ఆమెకు అంత తేటగా కనబడుతున్నందుకు ఆయన ధన్యవాదాలు చెప్పాడు.

ఆ గురువారం కార్యక్రమం కాగితం మీద వందన సమర్పణ తిరిగొచ్చింది. ఎదురుగా సమయం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. కురుమూర్తి గంటంబావు మాట్లాడి, చివరికి వచ్చాడు. "వచ్చే ఏడాది కూడా అధ్యక్షురాలిగా ఉంటూ, పెద్దమందడి, అయిజల్లో కూడా కంటి శిబిరాలు పెడుతున్న పద్మజ గారికి ధన్యవాదాలు."

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా శ్రవణ్ కుమార్ కొట్టాడు.

"అన్నా, నేనెప్పుడన్న?" అని అడిగింది పద్మజ.

"అనలేదా మేడం? యాది ఉంటలేదు. ఏం ఫికర్ చెయ్యకండ్రి, వచ్చే గురువారం మైకుల సరిచేస్త."

"ఏం వద్దులే" అంది పద్మజ. బజ్జీల పళ్లెం ముందుకు లాక్కుంది. అవి అప్పటికే చల్లగా, మెత్తగా, తడిసిన గుడ్డల్లా ఉన్నాయి. రెండు తింది.