గడికొక కాగితం

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితాన్ని నేను ముందు చెంపకి ఆనించుకుంటాను. వెచ్చగా, కాస్త చెమ్మగా ఉంటుంది. మా ఊరి సముద్రపు గాలికి పెళపెళలాడే కాగితమన్నది ఎండాకాలంలో కూడా దొరకదు. కంప్యూటరు టీచరు కాగితాలని ముద్దు చేస్తోందని బళ్ళో పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఈ వారం వాళ్ళ చేత పులి-మేక పటం గీసే చిన్న ప్రోగ్రాము రాయించాను. సరిగ్గా వచ్చినవీ, గీతలు ఎటో పారిపోయినవీ బల్ల నిండా పరుచుకున్నాయి. ఆ వెచ్చదనం చెంపకి తగిలితే చాలు, నేను పాతనగరంలో ఖాదర్ భాయ్ ప్రింటింగు కొట్లో ఉంటాను. ఎక్కడో హార్బరులో ఓడ కూస్తూ ఉంటుంది, గది అంతా తెల్లటి మధ్యాహ్నం నిండి ఉంటుంది.

ఖాదర్ భాయ్ నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. డిగ్రీ అయ్యాక కంచరపాలెం నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆయన కొట్లో డిజైను పని చేసేదాన్ని. ఎవరు ఏ పని తెచ్చినా ఆయన ముందు మనుషుల గురించి అడిగేవారు. పెళ్ళికార్డు వేయించుకోవడానికి వస్తే, ఇంట్లో పెద్దవాళ్ళున్నారా, వాళ్ళకి చూపు ఆనుతుందా అని ఆరా తీసేవారు. అక్షరం సైజు అడగాల్సింది పోయి ఈ యక్షప్రశ్నలేమిటని నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం తాపీగా మీగడ కట్టిన టీ తాగుతూ, చదివే మనిషి తెలియకుండా ఏం అచ్చు వేస్తామని నన్నే ఎదురడిగేవారు.

కొట్టు వెనకే ఇల్లు. మధ్యాహ్నం నమాజు, భోజనం అయ్యాక షట్టరు సగం దించి, భాయ్, ఆయన భార్య అష్టాచెమ్మా ఆడేవారు. ఆవిడని అందరూ చాచీ అనేవారు, నేనూ అనేదాన్ని. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆట అట అది. పిల్లలు లేరు. అలకలూ, రాజీలూ, ఊసులూ అన్నీ ఆ పటం మీదే జరిగేవి. చాచీవి చింతపిక్కలు, భాయ్‌వి చొక్కా బొత్తాలు. గవ్వలు గచ్చు మీద దొర్లే చప్పుడు వింటూ గుమ్మంలో కూర్చుంటే నాకు కళ్ళు మూతలు పడేవి.

చాచీకి కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడమేనని డాక్టరు చెప్పారు. చూపు తగ్గినప్పుడల్లా భాయ్ స్కేలు పెట్టి కొంచెం పెద్ద పటం గీసేవారు. ఆయన గీసిన గళ్ళలో ఒకటి దోసెలా, ఒకటి ఇడ్లీలా ఉండేది. చూడలేక నేనో ప్రోగ్రాము రాశాను. అడ్డగీతలకో లూపు, నిలువు గీతలకో లూపు, పైన గడి వెడల్పు ఎంతో చెప్పే ఒక్క అంకె. అంకె మార్చి నొక్కగానే తెరమీద గళ్ళన్నీ ఒక్కసారిగా ఊరి పెద్దవయ్యాయి. భాయ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఒక్క నంబరు మారిత్తే సాలా?"

చాలన్నాను. ఎంత దాకా పెరుగుతుందన్నారు. కాగితం ఉన్నంత దాకా అన్నాను.

"కాయితానికేటి, కొట్టు నిండా కాయితమే."

ఆ మాట ఎంత ధీమాగా అన్నారో, ఆయనకి అంత భయమూ ఉందని తరవాత తెలిసింది. చాచీ ఆయనకి ముందే చెప్పేసిందట.

"ఏ కాయ ఎక్కడుందో నాకు తెలిసినన్నాళ్ళే ఆడతాను. మీరు సెప్తే నాను ఆడితే, అది మీరొక్కరే ఆడుకున్నట్టు."

ఆట ఆగిపోతే ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఏమవుతాయో ఊహించడానికి ఆయన ఇష్టపడేవారు కాదు. నేను అంకె పెంచుతూ పోయాను. పటం ఒక కాగితం నుంచి రెండుకి, నాలుగుకి పాకి, చివరికి గడికొక కాగితమై గది గచ్చంతా పరుచుకుంది. ప్రింటరు అంచు దాకా అచ్చు వెయ్యదు, చుట్టూ తెల్ల చారిక వదిలేస్తుంది. ఆ చారికలు కత్తిరించి, కాగితాన్ని కాగితానికి ఆనించి పైన టేపు అంటించేవాళ్ళం. ఎంత జాగ్రత్తగా వేసినా అతుకు అతుకే. నాకవి చూస్తే చిన్నతనంగా ఉండేది. చాచీ మాత్రం ఆ అతుకుల పటం మీద వరసపెట్టి గెలుస్తూ ఉండేది. రోజూ ఓడిపోయే భాయ్‌ని నేను ఆటపట్టించేదాన్ని.

చాచీ పుట్టినరోజుకని, ఎవరికీ చెప్పకుండా అదే పటాన్ని ఒకే ముక్కగా ఫ్లెక్సు మీద వేయించి తెచ్చాను. నున్నగా, తళతళలాడుతూ, ఒక్క అతుకు లేదు. నా అంత పనిమంతురాలు విశాఖలో లేదనుకున్నాను. చాచీ కూర్చుని అరచేత్తో దాన్ని నిమిరింది. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడా ఆగకుండా జారిపోయింది. మళ్ళీ నిమిరింది. గవ్వలు మెల్లగా పక్కన పెట్టేసింది.

భాయ్ నన్నొక్క మాట అనలేదు. "శానా బాగుందమ్మా, సూసేవోళ్ళకి," అన్నారు.

"పాతదేది? దానికి అతుకులుండేవి," అంది చాచీ.

అప్పుడు అర్థమైంది మాకు. కొన్నాళ్ళుగా ఆవిడ గీతల్ని చూడటం లేదు, టేపు అంచుల్ని వేళ్ళతో చదువుకుంటోంది. పాత పటం తెచ్చి పరిచాం. కాయని చంపకూడని గళ్ళు ఆవిడకి తెలియాలని వాటిలో మూల నుంచి మూలకి టేపు అంటించాను. భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని నాకు ముక్కలు కత్తిరించి అందించారు. ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చిన రోజు అది.

మర్నాడు ఆట మొదలైంది. ఇంతకుముందు చాచీ తన చింతపిక్కల్నే మసకమసకగా వెతుక్కునేది. ఇప్పుడు తడమడం దాచాల్సిన పని లేదు కనక, తన వంతు వచ్చినప్పుడల్లా పటమంతా తడిమి, పిక్కలతో పాటు బొత్తాలు కూడా ఎక్కడున్నాయో చూసుకుంటోంది. సగం ఆట అయ్యాక ఆవిడ వేలు ఒక పిక్క మీద ఆగిపోయింది.

"మీకు నాలుగు పడింది. మీ బొత్తానికి నాలుగో గడి ఇది, ఇక్కడ నా కాయుంది. సంపలేదేటి?"

"సూసుకోలేదు," అన్నారు భాయ్.

"సూపు లేంది నాకు. ఎన్నాళ్ళ నుంచి గెలిపిత్తన్నారు నన్ను?"

భాయ్ తల వంచుకున్నారు. ప్రేమతోనే చేశారాయన, అది ఆవిడకీ తెలుసు. కానీ గెలుస్తున్నానని మురిసిన ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా ఆవిడ మొహంలో వాడిపోవడం నేను చూశాను. ఆవిడే చెయ్యి చాపి, ఆయన బొత్తాన్ని తడిమి పట్టుకుని, ఆయన వేళ్ళలో పెట్టింది.

"సంపండి."

ఆయన చంపారు. చాచీ తన పిక్కని మొదటి గడిలోకి తెచ్చుకుని, గవ్వలు ఊపి, హాయిగా నవ్వింది. ఆ రోజు ఆవిడ చిత్తుగా ఓడిపోయింది. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

భాయ్ పోయి రెండు వానాకాలాలు దాటాయి. బళ్ళో పిల్లలకి లూపులు నేర్పేటప్పుడు, ఈ పటం మీద ఆడేది ఎవరో ముందు కనుక్కురండి అని పంపిస్తాను, వాళ్ళు కూడా యక్షప్రశ్నలని విసుక్కుంటారు. ఆదివారాలు చాచీ ఇంటికి వెళ్తాను. టేపు ఊడిన చోట కొత్తది వేసి ఆడతాం. ఆవిడకి వయసు మీద పడింది, గవ్వలు పట్టుకున్న వేళ్ళు చూస్తే నాకు జాలేస్తుంది. ఆ జాలిని గుమ్మం బయటే వదిలి వెళ్ళడం నాకింకా కష్టంగానే ఉంది. నిన్న పండడానికి ఒక్క గడి దూరంలో ఉన్న ఆవిడ కాయని చంపేశాను. కాసేపు తిట్టింది. మళ్ళీ ఆదివారం పెందలాడే రమ్మంది.