మేం వెతికిన మొదటి దయ్యం

అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో ఇల్లు కొన్న మొదటి చలికాలం మా ఆయన వారానికి నాలుగు రోజులు వేరే ఊళ్లో పనిచేసేవారు. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు పై గదుల్లో ఎవరో నడుస్తున్నట్టు వినిపించేది. కార్ల లోపలి చప్పుళ్లు కొలవడమే నా ఉద్యోగం. అయినా మెట్లెక్కి చూసే ధైర్యం లేక కింద సోఫాలోనే పడుకునేదాన్ని. చివరికి పక్కింట్లో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న అంకుల్‌కి చెప్పుకున్నాను. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. గోడకి చెవి ఆనించి విన్నారు.

"హీటర్ గాలి వచ్చే రేకు గొట్టాలమ్మా ఇవి. వేడెక్కితే సాగుద్ది, చల్లారితే ముడుచుకుద్ది. అదే టక్కుమంటోంది."

ఎన్నో రోజుల తర్వాత నా మంచం మీద నేను పడుకున్నాను. నాలా భయపడేవాళ్లు ఊళ్లో ఇంకెందరున్నారో అనిపించింది. అంకుల్‌నీ, మా ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ స్నేహితురాలినీ కలుపుకుని దయ్యాలు వెతికే బృందం మొదలుపెట్టాను. ఇండియన్ గ్రోసరీ షాపులో కాగితం అంటించాం. 'మీ ఇంట్లో అర్థంకాని చప్పుళ్లా? వచ్చి చూస్తాం.' దాని కింద అంకుల్ దయ్యం బొమ్మ వేస్తే ఆవులా వచ్చింది.

"నిజంగా దయ్యమే కనబడితే ఏం చేస్తావు?" అని అడిగింది స్నేహితురాలు.

పారిపోతానన్నాను. ఆమె నవ్వింది కానీ నేను నిజమే చెప్పాను.

మూడు వారాలకి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏడో నెల గర్భిణి, ఇంటినుంచే పని.

"అక్కా, నన్ను పిచ్చిదాన్ననుకోవద్దు. రోజూ పొద్దున లెవెన్ దాటాక పైన నా ఆఫీస్ రూమ్‌లో ఎవరో ఏడుస్తున్నారు. ఈ ఇంట్లో ఇంతకుముందు ఉన్నావిడ చనిపోయిందంట. బేబీకి ఏమైనా అవుద్దేమోనని నిద్రే పట్టట్లేదు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"పగలు అమ్మా నేనే. అమ్మకేమీ వినపడలేదంట."

ఒక బుధవారం సెలవు పెట్టి ముగ్గురం వెళ్లాం. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. అందులో చక్కెర వెయ్యడం మర్చిపోతే, పాపం ఈవిడా భయపడుతోంది అనుకున్నాను.

"ఆ రికార్డింగ్ మిషన్ పైన గదిలోనే పెడతారా?" అని అడిగిందామె.

"పైనే ఆంటీ" అన్నాను.

ఆ గదిలో నేల మీద హీటర్ గాలి వచ్చే జాలీ పక్కన రికార్డర్ పెట్టి బయటికొచ్చేశాం. ఒంటిగంటకి తిరిగొచ్చి రికార్డర్ తీసుకుని, వాళ్లింటి ముందే కార్‌లో కూర్చుని విన్నాం. మొదట ఆ అమ్మాయి టైపింగ్. తర్వాత, ఎక్కడో లోతుల్లోంచి, నిజంగానే ఏడుపు. స్నేహితురాలు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. సౌండ్ పెంచాను.

"అక్కా, నన్ను చూడవే. ఒక్కసారి కళ్లు తెరువు."

తర్వాత ఫోన్ స్పీకర్‌లోంచి ఇంకెవరిదో గొంతు. "పిన్నీ, నర్సొచ్చింది, ఫోన్ పెట్టేస్తున్నా."

ఆపేశాను. అంకుల్ కిటికీలోంచి మంచుకేసి చూస్తూ, "వినకూడంది విన్నాం తల్లీ" అన్నారు. స్నేహితురాలు ఏమైందని అడుగుతోంది. ఆ గొంతు వాళ్లమ్మది, ఆ గాలి గొట్టాలు మొదలయ్యేది బేస్‌మెంట్‌లోనే.

బేస్‌మెంట్‌లోకి వెళ్లాను. డ్రయర్ పక్కన ఆంటీ బట్టలు మడతపెడుతోంది.

"మీ అక్కయ్యగారికి ఎలా ఉంది ఆంటీ?"

చేతిలో టవల్ జారిపోయింది. "మా అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా. తెలిస్తే నన్ను రేపే ఫ్లైట్ ఎక్కిస్తది. కాన్పుకి దానికెవరున్నారు? అమ్మ పోతే నన్ను పెంచింది మా అక్కే. గుంటూరు ఆస్పత్రిలో అట్టా పడుంది. ఇద్దర్లో ఎవర్ని వదలమంటావు?"

ఏమీ దొరకలేదని చెబితే పైనున్న పిల్ల భయంతోనే పురిటి గదికి వెళ్తుంది. దొరికిందంటే ఈమె దాచుకున్న దుఃఖాన్ని నేనే బయటపెట్టినదాన్ని అవుతాను. అసలు ఈ ఇంటికి నన్నెవరు రమ్మన్నారు అనిపించింది.

"మీరే చెప్పండి ఆంటీ. నేను పక్కన కూర్చుంటాను. తను దయ్యమనుకుని భయంతో చచ్చిపోతోంది."

పైనుంచి పిలుపు వినిపించింది. "అక్కా, ఏమైనా దొరికిందా?"

ఆంటీ కింద పడ్డ టవల్ తీసి మడతపెట్టింది. తర్వాత రెయిలింగ్ పట్టుకుని నాకంటే ముందు మెట్లెక్కింది.

తల్లి చెప్పింది విన్నాక ఆ అమ్మాయి ఏడవలేదు. "నెల నుంచీ నాకు అబద్ధం చెప్తున్నావా?" అని మాత్రం అంది. ల్యాప్‌టాప్ తెరిచి టికెట్లు వెతకడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ వద్దు వద్దంటూ స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. ఉండాలో వెళ్లాలో తెలియక మేం ముగ్గురం చెప్పుల దగ్గర నిలబడ్డాం. వెళ్లేముందు వాళ్లిద్దరి ఎదుటే ఆ రికార్డింగ్ చెరిపేశాను.

శుక్రవారం ఆంటీ బయల్దేరింది. అక్క ఆమెని గుర్తుపట్టి, తొమ్మిది రోజులు బతికిందట. ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్లకి ఆ పిల్లని మేం వంతులవారీగా డ్రైవ్ చేసి తీసుకెళ్లాం. ప్రతిసారీ రెడ్ లైట్ దగ్గర ఆ పిల్ల వైపు తిరిగి చూసేదాన్ని. ఏమైనా అయితే తల్లిని పంపించింది నేనే కదా. నొప్పులు రెండు వారాలు ముందే వచ్చాయి. ఆ పిల్ల భర్తకి తోడుగా నేను ఆస్పత్రిలో ఉన్నాను. ఆంటీ గుంటూరు నుంచి ఫోన్‌లోనే మనవరాలిని చూసుకుంది.

అక్క కర్మకాండలూ, ఆమె వెనక మిగిలిన పనులూ ముగించుకుని, బిడ్డకి నెల నిండేసరికి ఆంటీ తిరిగొచ్చింది. చూడ్డానికి వెళ్లాను. తలుపు తీసి నా ముఖంలోకి చూసి, "రామ్మా" అంది. బిడ్డని నా ఒళ్లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చేసింది మంచో చెడో ఆమె అనలేదు. నేనూ ఇప్పటిదాకా అడగలేకపోయాను.