మూడు ఆంపియర్ల బరువు

తాండూరులో రేడియోలు బాగుచేస్తూ, విడిభాగాలు అమ్మే వీరేశానికి ఓపిక నశించింది. ఇంట్లోనే పవర్ సప్లై తయారుచేసుకుంటానని వచ్చిన బండల పాలిషింగ్ బస్వరాజు, మూడు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు చెరో చేత్తో ఎత్తి బరువు చూస్తున్నాడు.

"గవేమన్న బండలా అన్నా? మీద రాసింది చదువు. రెండూ ఒక్కటే!"

"గిండ్ల రాగి తక్కువున్నది వీరేశం. రాసుడు ఎవడైనా రాస్తడు," అంటూ తేలికగా ఉన్నదాన్ని ముందుకు చాపాడు బస్వరాజు.

ఇతని నోరు మూయిద్దామని వీరేశం రెండింటికీ మూడు ఆంపియర్ల కరెంటు లాగే ఒకే లోడు పెట్టి మీటరు చూశాడు. బరువైనది మీద రాసిన పన్నెండు వోల్టుల దగ్గర నిలబడింది. తేలికది తొమ్మిదికి జారి, చెయ్యి కాలేంత వేడెక్కింది.

ఈ తేలిక రకం కాలిపోయి తిరిగొచ్చినప్పుడల్లా, రెండేళ్లుగా, "నీకు వాడుడు రాదు" అని కొన్నవాళ్లనే తిట్టి పంపుతూ వచ్చాడు వీరేశం.