దాచుకున్న బూట్లు

వీధి చివరింటి కోర్టు బంట్రోతు ముప్పై ఏళ్లూ హవాయి చెప్పులతోనే తిరుగుతూ వాది ప్రతివాదుల పేర్లు కేకేశాడు. కూతురు మొదటి జీతంతో కొనిచ్చిన ఖరీదైన బూట్లను మాత్రం పదవీ విరమణ రోజుకని దాచిపెట్టి, ప్రతి ఆదివారం పసిబిడ్డకు ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. రెండేళ్లకు ఆ రోజు వచ్చింది. తొడుక్కుని బయల్దేరితే, వీధి మలుపు తిరక్కముందే బూట్ల అడుగులు రెండూ పెళ్లలు పెళ్లలుగా రాలిపోయాయి. వాటిని చేతపట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్లాడు.

"ఇవాళ్టిదాకా ఒక్కసారీ తొడగలేదమ్మా, దాచుకున్నాను."

దుకాణంలోని అమ్మాయి ఫోనులోంచి తలెత్తలేదు. "వాడకపోతేనే ఇలా అవుతాయి బాబాయ్. గ్యారంటీ ఆరు నెలలే. అయినా బూట్లు కొనేది దాచుకోడానికా?"

సన్మానంలో దండ వేస్తుంటే కాళ్లు బల్ల కిందికి లాక్కున్నాడు. సాయంత్రం కూతురు ఫోను చేసి, బూట్లు సుఖంగా ఉన్నాయా నాన్నా అని అడిగింది.

"మెత్తగా ఉన్నాయి తల్లీ. విప్పబుద్ధి కావడం లేదు," అన్నాడు, ఉత్తకాళ్లు ముడుచుకుంటూ.