ఎర్రమొకం రాజు బొమ్మ

ముత్తయ్యకు అరవై రెండేండ్లు. నిర్మల్‌ల బొమ్మలు చేసేటోళ్ల వాడల పుట్టి, సీతాఫలాలు, చిలుకలు, ఎడ్లబండ్లు చెక్కుకుంటనే తల నెరిసినోడు. మాట తక్కువ, పని సన్నం.

పోయిన ఎండాకాలం కరీంనగర్ నుంచి దీక్షిత అనే టీచర్ వచ్చింది. బడిల చరిత్ర చెప్తది. ఎనుకట ఇంగ్లండును ఏలిన నార్మన్ రాజు విలియం బొమ్మ, రాణిది, నలుగురు కొడుకులవి కావాలన్నది. పటాలు చేతిల పెట్టి పోయింది. కథ ఆమె చెప్పలే, ఈయన అడగలే.

రాజు, రాణి మంచిగ కుదిరిండ్రు. రెండో కొడుకు మెడ జర పక్కకు ఒంగింది. కర్ర గుణమనుకున్నడు. మూడోవాడు ఎర్రమొకమోడు. రంగేసి ఆరబెట్టి తెల్లారి చూస్తే, ఎడమ రొమ్ము మీద నిలువునా పగులు. బొమ్మలకు వాడే మెత్తటి పొనికి కర్ర ఆరినంక గట్ల పగలది. చింతగింజల బంకల కర్రపొట్టు కలిపి పూడ్చిండు. తెల్లారేసరికి మళ్ల నోరు తెరిచింది. ఇంకో కర్ర తీసి కొత్తది చేసిండు. గదీ గక్కడ్నే పగిలింది. మూడోది గూడ పగిలినంక ముత్తయ్య ఫోన్ పట్టుకున్నడు.

“టీచరమ్మా, గీ ఎర్రమొకమాయన ఎట్ల సచ్చిండు?”

“ఎందుకు అడుగుతున్నరు తాతా?”

“ముందుగాల నువ్వు చెప్పు.”

“తండ్రి తర్వాత రాజైండు. అడవిల వేటకు పోతే రొమ్ముల బాణం దిగింది. ఎంబడి పోయిన దొరలు పీనుగను గాడ్నే ఇడిచి ఉరికిండ్రు. బొగ్గులు కాల్చేటోడు ఒకడు బండి మీద ఏసుకొని పోయిండని చెప్పుకుంటరు.”

“ఏం అడవి గది?”

“వాళ్ల నాయిన వేట కోసం చేయించిన అడవి. దానికోసం ఊర్లకూర్లే ఖాళీ చేయించిండని అప్పటోళ్లు రాసిండ్రు. గా అడవిలనే రెండో కొడుకు చెట్టుకొమ్మకు తాకి సచ్చిండట. తర్వాత ఒక మనుమడు, గీ మూడోవాడు. ఉసురు తగిలిందని జనం అనుకున్నరు.”

ముత్తయ్య ఫోన్ పెట్టి, పగిలిన బొమ్మను దూరం జరిపిండు.

ఇరవై నాలుగేండ్ల వయసుల, బొమ్మలకు గిరాకి లేని దినాలల్ల, ఆయన కూలికి పోయిండు. జైనూర్ దిక్కు గుట్టల నడుమ అడవి కోసం సర్కారోళ్లు ఒక గూడెం ఖాళీ చేయిస్తుండ్రు, గుడిసెలు కూలగొట్ట మనుషులు కావాలె. ఆఖరి గుడిసెకు అగ్గిపుల్ల గీసింది ముత్తయ్యనే. దాని ముంగట నిలబడ్డ ముసలామె తిట్టలే, ఏడ్వలే. ఈయన చేతుల దిక్కు చూసుకుంట నిలబడ్డది.

గా జాగ ఇప్పుడు చెట్లతోని మూసుకుపోయింది. కొడుకు రంజిత్ పొనికి కర్ర తెచ్చేది గక్కడ్నుంచే. గా పొద్దు గూడ పోయిండు. ఫోన్ చేస్తే కలుస్తలేదు.

ముత్తయ్య బస్సెక్కిండు. దిగినంక నడిచిండు. పట్టపగలు, ఒక్క పిట్ట కూత లేదు. చెట్ల నడుమ రంజిత్ నేల మీద కూసొని ఉన్నడు. అంగి ఎడమ పక్క నిలువునా చినిగింది, లోపల రొమ్ము మీద సన్నటి గీత.

“గొడ్డలి కామల నుంచి ఇనుము ఊడి మీదికొచ్చింది బాపూ. ఎవలో నన్ను ఎనుకకు గుంజిండ్రు. తిరిగి చూస్తే ఎవలు లేరు.”

కొడుకు పక్కన, గా ఆఖరి గుడిసె ఉన్న జాగల, మూడు పొయ్యిరాళ్లు కనబడ్డయి. దట్టమైన నీడ. ముట్టుకుంటే వెచ్చగున్నయి.

గూడెపోళ్లకు ఇండ్లిచ్చిన కాలనీ ఎక్కడున్నదో అడుక్కుంట తెల్లారి పోయిండు ముత్తయ్య. ముసలామె ఎప్పుడో పోయింది. బిడ్డ భీంబాయి ఉన్నది, ఆమెకూ ఏండ్లు మీదపడ్డయి.

“మీ అవ్వ గుడిసెకు అగ్గి పెట్టింది నేనే,” అన్నడు నిలబడే.

“ఎరుకే,” అన్నది భీంబాయి. “బొమ్మలు చేసేటోడు ఒకదినం వస్తడు, నీళ్లియ్యి అని చెప్పి సచ్చింది.”

“గప్పుడు నేను కూలోన్ని. బొమ్మలోన్నని ఎవ్వలికీ చెప్పలే. ఆమెకు ఎట్ల ఎరుక?”

“నాకేమెరుక?” చెంబు చేతికిచ్చింది.

తాగకుండ చెంబు పట్టుకునే అడిగిండు. “మీ అవ్వ నన్ను మాఫ్ చేసినట్టేనా?”

“నీళ్లియ్యమన్నది. గంతే చెప్పింది.”

వేరే అడవి కర్రతోని చేసిన ఎర్రమొకం రాజు బొమ్మ పగలలే, కరీంనగర్‌కు టీచర్ కాడికి పోయింది. రంజిత్‌ను మళ్ల గా గుట్టల్లకు పోనియ్యలే.

వానలు పడ్డంక భీంబాయి ఇంటి కప్పు ఉరుస్తున్నదని తెలిసి, తండ్రికొడుకులు పోయి రేకులు మార్చిండ్రు. ఆమె వద్దనలే. మళ్ల రమ్మని గూడ అనలే. ముత్తయ్య మాత్రం నెలకొకసారి పోతనే ఉన్నడు.