అటు తిరిగి ఎంచుకున్న గిటార్

మా గిటార్ మాస్టారు మొన్న మంగళవారం పొద్దున ఎల్బీనగర్‌లోని ఇంట్లో పోయారు. కబురు చెప్పిన పాత ఉద్యమ మిత్రుడు, "ఆంధ్రాయనే గానీ మంచోడు" అన్నాడు. ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. మండినా ఏం లాభం? ఆ రకం మాటల్ని ఈ వీధుల్లో చలామణీ చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆయన గది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక హాస్టల్ పైన ఉండేది. ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో సభల్లో పాడటానికి గిటార్ కావాలని వెళ్ళాను. డప్పు పక్కన వినపడాలి, నలుగురే కూర్చున్న చోట గొంతును మింగేయకూడదు, రెండింటికీ ఒకటే కావాలన్నాను. ఆయన గోడకున్న మూడు గిటార్లు దించారు.

"చూస్తే మెరిసేదే కావాలంటావయ్యా. అటు తిరిగి పాడు."

గోడవైపు తిరిగి పాడాను. అదే పాటకు మూడూ మార్చి మార్చి వాయించారు. మొదటిది నా గొంతుకు అడ్డం పడింది. రెండోది గట్టిగా మీటగానే గరగరలాడింది. మూడోదానితో పాడుతున్నప్పుడు గిటార్ ఉందన్న సంగతే మరిచిపోయాను. అదే కావాలని తిరిగి చూస్తే, పాలిష్ పోయిన పాతది, ఆయన సొంతది. కుడి ముంజేయి ఆని ఆని ఒకచోట చెక్క తెల్లబడింది. కాసేపు ఒళ్ళోనే ఉంచుకుని నాకిచ్చేశారు. నెలకోసారి తెస్తే తీగలు మారుస్తానన్నారు.

ఎల్బీనగర్ చౌరస్తా సభలో ఆ గిటార్ మెడలో వేసుకునే మైకులో అరిచాను: "బతకనీకి ఒచ్చినోళ్ళు మూటాముల్లె సర్దుకోవాలె." చప్పట్లు మోగాయి. కూరగాయల సంచీతో రోడ్డు పక్కన నిలబడిన మాస్టారు అప్పుడు కనపడ్డారు.

ఆ నెల కూడా వెళ్ళాను. సిగ్గుపడి కాదు, వాదించడానికి. నీళ్ళు, కొలువులు, పాలకుల మోసం అంటూ గంటసేపు ఊదరగొట్టాను. ఆయన పాత తీగలు విప్పి, చెక్క తుడిచి, కొత్తవి బిగించాక నోరు విప్పారు.

"రాష్ట్రం మీ హక్కు, కాదన్ను. నన్నెక్కడికి పొమ్మంటావు? అది చెప్పు."

"మిమ్మల్ని కాదు సార్."

"మరెవర్నయ్యా?"

గిటార్ భుజాన వేసుకుని మెట్లు దిగాను.

రాష్ట్రం కావాలన్నది న్యాయం. అవసరమైతే ఇవాళైనా అదే రోడ్డు మీద కూర్చుంటాను. కానీ దోచుకున్నవాళ్ళ భవనాలకేసి చూపాల్సిన వేలును కూరగాయల సంచీకేసి చూపాం. మనలో ఎందరం ఆ మాట వెనక్కి తీసుకున్నాం? రాష్ట్రం వచ్చాక కూడా నెలనెలా ఆయనతో తీగలు వేయించుకున్నాను. ఇంత గొంతుండీ, తప్పయిందన్న ఒక్క మాట అనలేదు.

మంగళవారం గిటార్ తీసుకునే వెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ తెలియదు. ఆయన భార్య తలెత్తి నన్నూ, గిటార్‌నూ చూశారు.

"తీగలు మార్చాల్సిన రోజా బాబూ?"

తలూపాను. గిటార్‌ను ఆయన్ని పడుకోబెట్టిన ఐస్‌బాక్స్‌కు ఆనించి పక్కన కూర్చున్నాను. చెక్క మీది ఆ తెల్లటి చోటు ఆయన కుడిచేతికి సరిగ్గా పక్కనే ఉంది. మధ్యలో అద్దం. అద్దం మీద నీటిచుక్కలు.