మా పాప నోట రెండో గిటార్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ చిరాకు. విజయనగరంలో మైక్రోబయాలజీతో డిగ్రీ చదివాను. కంటికి కనిపించనిదేదైనా ఉంటే స్లైడు మీద పెట్టి చూపించమనే రకం నేను. ఈ సంగతి కూడా ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. జరిగింది నా కూతురికి కాబట్టి రాస్తున్నాను. పాప పక్క గదిలో నిద్రపోతోంది. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను.

మా ఆయన రవి బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి ఒక బ్యాండ్ పెట్టారు. పేరు 'గార్డ్ డబ్బా'. రాక్ బ్యాండే గానీ గోల తక్కువ, రాగం ఎక్కువ. హిందీలో, తెలుగులో సొంత పాటలు. దుర్గా పూజ పందిళ్లలో, ఊరి చివర కోనిలో యూనివర్సిటీ విద్యార్థుల ఫెస్టుల్లో, ఒకటి రెండుసార్లు రాయ్‌పూర్‌లో కూడా వాయించారు. పాటా, మొదటి గిటారూ రవివి. మిగతా మనుషులు మారుతూనే ఉన్నారు. డ్రమ్స్ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం, బేస్ వాయించే ఆయనకు నాగ్‌పూర్ బదిలీ, ఇలా.

వాళ్లకొక పద్ధతి ఉంది. రైల్వేలో రిలీవర్ వచ్చి ఛార్జ్ తీసుకుంటే తప్ప డ్యూటీ దిగకూడదు. బ్యాండులోనూ అంతే. వెళ్లేవాడు కొత్తవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తన వంతు మొత్తం నేర్పాలి. కొత్తవాడు ఒక్క తప్పు లేకుండా చివరిదాకా వాయించాకే పాతవాడికి సెలవు. దాన్నే 'ఛార్జ్ ఇవ్వడం' అంటారు. కాగితం మీద ఏమీ ఉండదు.

రెండో గిటార్ వాయించేది మోహన్ అన్న. లోకో షెడ్‌లో పనిచేసేవారు. వాళ్ల పెద్ద పాట చివర రెండు గిటార్లూ మూడు నిమిషాలు జంటగా నడుస్తాయి. రవి వాయించే వరసకు కొంచెం పైన, దాన్ని అంటిపెట్టుకుని మోహన్ అన్న వరస. జనం ఆ మూడు నిమిషాల కోసమే నిలబడేవారట. పెళ్లయిన కొత్తలో మా క్వార్టర్‌కు భోజనానికి వచ్చి నన్ను నవ్వించారు. "చెల్లెమ్మా, మీ ఆయనొక్కడే వాయిత్తే మైకువోడు కూడా టీకి ఎల్లిపోతాడు. నానున్నాను కాబట్టి సరిపోతంది."

అన్న ముప్పై తొమ్మిదో ఏట గుండెపోటుతో పోయారు. ఎవరికీ ఛార్జ్ ఇవ్వలేదు.

ఆ వరస ఎక్కడా లేదని అప్పుడు తెలిసింది. స్టూడియోలో ఆ పాట రికార్డ్ చేసినప్పటికి అన్న ఇంకా బ్యాండులోకి రాలేదు, అందులో ఒకటే గిటార్. ఫోన్లలో తీసిన పందిరి వీడియోల్లో డ్రమ్స్, జనం కేకలు తప్ప ఏమీ వినపడదు. రవికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కొత్తగా వచ్చిన ఇద్దరు సొంతంగా ఏదో కట్టి చూశారు, అతకలేదు. చివరికి ఆ పాటే మానేశారు.

అన్న పోయిన పదమూడు నెలలకు మా పాప ఆద్య పుట్టింది. కడుపులో ఉండగా విన్నదేమో అని నన్ను చాలామంది అడిగారు, అందుకే ఈ లెక్క ముందే చెబుతున్నాను.

రెండేళ్లు దాటినా పాపకు మాట రాలేదు. 'అమ్మ' అని కూడా అనలేదు. చెవులు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయన్నారు. వారానికి రెండుసార్లు నెహ్రూ నగర్‌కు స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేదాన్ని. అక్కడ మిగతా పిల్లలు ఒక్కో మాట పలుకుతుంటే వాళ్ల తల్లుల మొహాలు చూడలేక తల దించుకునేదాన్ని. పాప గొంతు వినాలి. నాకు అంతకుమించి ఏ కోరికా లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే ముందు గదిలో సన్నగా కూనిరాగం వినిపించింది. పాప గోడ వైపు తిరిగి కూర్చుని పాడుతోంది. పదాలు లేవు, వట్టి రాగం. సంతోషంతో అత్తయ్యను కేకేశాను.

"ఓలమ్మో, గొంతిచ్చింది పిల్ల!" అని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "ఏటి పాటే అది?"

ఇద్దరికీ తెలియలేదు. డ్యూటీ నుంచి వచ్చిన రవి గుమ్మంలోనే ఆగిపోయారు. బూట్లతోనే లోపలికి వచ్చి, గిటార్ తీసి తన వరస వాయించారు. పాప తడబడలేదు. రెండూ కలిసి నడిచాయి. మధ్యలో రవి చేతులు ఆగిపోయినా పాప ఆగలేదు.

"మోహన్‌ది" అన్నారు రవి.

ఆయనే తనకు తెలియకుండా ఇంట్లో పాడుతుంటే పాప పట్టేసిందనుకున్నాను. కానీ ఆ వరస సగం కూడా రాక ఆయన ఎంత కొట్టుకున్నారో కళ్లారా చూశాను.

మరుసటి ఆదివారం రవి కిరణ్‌ను పిలిచారు. కరీంనగర్ అబ్బాయి, బ్యాంకులో ఉద్యోగం, గిటార్ బాగా వాయిస్తాడు. కొత్తవాళ్లను చూస్తే నా వెనక దాక్కునే పాప నేరుగా వెళ్లి అతనికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. కొంచెం పాడి ఆపి అతని వేళ్ల వైపు చూసింది. అతను వాయించాడు. తప్పు పడితే అరచేత్తో నేల మీద కొట్టి మళ్లీ మొదటి నుంచి పాడేది. సరిగ్గా వస్తే తర్వాతి ముక్క. ఆ కళ్లలో ఆట లేదు.

అలా మూడు ఆదివారాలు. మధ్య రోజుల్లో కూడా లేచింది మొదలు అదే రాగం. పాలు తోసేసింది, అన్నం ముట్టలేదు. మూడో ఆదివారానికి గొంతు బొంగురుపోయి గీరుకుపోతున్నట్టు వస్తోంది.

"చాలు, ఆపండి. గొంతు పోతోంది" అని అరిచాను.

"ఆఖరి ముక్క, బస్" అన్నారు రవి. "నేనెక్కడ ఆపుతున్నాను? తనే ఆపడం లేదు."

వెళ్లి పాపను ఎత్తుకున్నాను. ఏడవలేదు. నా చేతుల్లో చెక్కలా బిగుసుకుని, గిటార్ వైపే చూస్తూ పాడుతూనే ఉంది. పదకొండు కిలోల పిల్ల. రోజూ చంకనేసుకుని తిరిగే పిల్లను ఆ రోజు మోయలేకపోయాను. బరువుకు నా చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి.

"దించీయమ్మా" అన్నారు అత్తయ్య వెనక నుంచి. "ఛార్జీ ఇచ్చేయనీ. ఇయ్యకపోతే ఆ మోహన్ పిల్లని ఒగ్గడు."

ఛార్జ్ ఇచ్చాక ఆ వచ్చినది ఒక్కటే వెళ్తుందా, పాపకు ఉన్న ఆ కాస్త గొంతునూ తీసుకుపోతుందా? నాకు తెలియదు. అయినా దించాను.

కిరణ్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా వాయించాడు. పాప మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు చూసింది. నిక్కరు తడుపుకుని మామూలు పిల్లలా గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత మర్నాటి పొద్దుటిదాకా నిద్రపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఒక్క శబ్దం లేదు. పాప గొంతు నా చేతులారా పోగొట్టాననుకున్నాను. ఆ రోజులు ఎలా గడిచాయో రాయలేను. ఒక పొద్దున "అమ్మా, పానీ" అంది. ఇప్పుడు హిందీ, తెలుగు కలిపి వసపిట్టలా వాగుతోంది. ఆ పాట పెడితే మాత్రం తల కూడా తిప్పదు. బ్యాండు ఆ పాటను మళ్లీ పందిళ్లలో వాయిస్తోంది. నేను వినడానికి వెళ్లను.

పోయిన వారం కిరణ్‌కు హైదరాబాద్ బదిలీ అయింది. అతని చోటుకు ఇంకా ఎవరూ దొరకలేదు. రికార్డ్ చేసిపెట్టుకుంటే సరిపోతుందని రవి అంటారు. ఛార్జ్ తీసుకోవాల్సింది మనిషి, ఫోన్ కాదు. ఎవరూ తీసుకోకపోతే అది మళ్లీ పాపను వెతుక్కుంటూ వస్తే? అందుకని నేనే కిరణ్ ఎదుట కూర్చున్నాను. నాకు గిటార్ రాదు, గొంతూ అంతంతమాత్రం. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఇవాళ తప్పు లేకుండా పాడేశాను.

"పాసైన్రు అక్కా. ఇగ నేను పోవచ్చు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అదేమిటో, మా పాప దగ్గరికే ఎందుకొచ్చిందో ఈరోజుకీ చెప్పలేను. మరిచిపోతానేమోనని ఇందాకటి నుంచి మనసులోనే ఆ వరస పాడుకుంటున్నాను. పెదవి మాత్రం కదపడం లేదు. పాప వినకూడదు.